గది కొలవకుండా కట్టిన హార్న్: ఒంగోలులో ఒక జత స్పీకర్ల డైరీ

ఇలాంటి హార్న్ స్పీకర్లు ఎవరైనా ఇంట్లో కట్టుకోవాలనుకుంటే ముందు టేపు తీసుకుని తమ గది పొడవు కొలవండి. నేను ఆ పని చేయకుండానే ప్లైవుడ్ కోయించాను. కింద రాసినదాంట్లో సగం ఆ ఒక్క తప్పును సర్దుకోవడానికి పడిన పాట్లే.

స్పీకరు ఏ రకమో రెండు ముక్కల్లో చెప్తాను. పెట్టెకు ఒక్కటే డ్రైవర్ (కోన్, కాయిల్, మాగ్నెట్ కలిసిన, శబ్దం పుట్టించే భాగం), 8 అంగుళాలది. కింది స్వరాలకు వూఫర్ వేరు, పై స్వరాలకు ట్వీటర్ వేరు అని లేదు, వాటికి శబ్దాన్ని పంచే క్రాసోవర్ లేదు. కోన్ ముందు నుంచి వచ్చే శబ్దం నేరుగా మనకు వస్తుంది. వెనక నుంచి వచ్చేది పెట్టె లోపల మడతలు పెట్టిన, పోనుపోను వెడల్పయ్యే గొట్టంలో తిరిగి కింద ఉన్న మూతి నుంచి బయటికొస్తుంది. ఆ గొట్టాన్నే హార్న్ అంటారు, బేస్ బలం అది ఇచ్చేదే.

దశ 1: కొలతలు, కోత (2023 ఆగస్టు, సెప్టెంబరు)

డ్రైవర్లు చెన్నైలో తెలిసినవాళ్ళ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో దొరికాయి. పేపర్ కోన్, మధ్యలో పై స్వరాల కోసం చిన్న విజర్ కోన్, అంచు గుడ్డది. అంచు గుడ్డదై ఉండాలని పట్టుబట్టాను, ఎందుకంటే మన సముద్రపు గాలికి, తేమకు ఫోమ్ అంచు కొన్నేళ్ళలో పొడిపొడిగా రాలిపోతుంది. సెన్సిటివిటీ (ఒక వాటు ఇస్తే ఎంత గట్టిగా పలుకుతుందో ఆ లెక్క) 94 డీబీ (డెసిబెల్స్), కాయిల్ రెసిస్టెన్స్ 6.8 ఓమ్‌లు. మాగ్నెట్ బాగా బలమైనది, ఇలాంటి డ్రైవర్ అన్నివైపులా మూసిన మామూలు పెట్టెలో పెడితే బేస్ పలచగా ఉంటుంది, హార్న్‌లోనే కుదురుతుంది.

నేను వేసిన లెక్క:

1. లోపలి వెడల్పు అంతటా 26 సెం.మీ. వెడల్పు మార్చకుండా ఎత్తు ఒక్కటే పెంచుకుంటూ పోతే కోత సులువు.
2. గొంతు (గొట్టం మొదలయ్యే సన్నటి చివర) ఎత్తు 5 సెం.మీ., అంటే 130 చదరపు సెం.మీ.
3. మూతి ఎత్తు 50 సెం.మీ., అంటే 1300 చదరపు సెం.మీ.
4. గొట్టం పొడవు 2.14 మీటర్లు. మధ్యలో ఎత్తులు: అర మీటరు దగ్గర 8.6, ఒక మీటరు దగ్గర 14.7, ఒకటిన్నర దగ్గర 25, రెండు మీటర్ల దగ్గర 43 సెం.మీ.
5. డ్రైవర్ వెనక చిన్న గది 8 లీటర్లు.
6. బయటి కొలత 110 ఎత్తు, 50 లోతు, 29.6 వెడల్పు. 18 ఎంఎం వాటర్‌ప్రూఫ్ ప్లై రెండు షీట్లు జతకు సరిపోయాయి. ఒక్కో పెట్టె 31 కిలోలు తూగింది.

ఈ విస్తరణ, అంటే గొట్టం పెద్దదయ్యే తీరు, 30 హెర్ట్జ్‌కు వేసింది. అంతమాత్రాన 30 హెర్ట్జ్ వినిపిస్తుందనుకోకండి. ఖాళీ మైదానంలో 30 హెర్ట్జ్‌ను హార్న్ సరిగ్గా వదలాలంటే మూతి దాదాపు 10.8 చదరపు మీటర్లు ఉండాలి. గది మూలలో పెడితే రెండు గోడలూ నేలా కలిసి మూతికి సాయం చేస్తాయి కాబట్టి అందులో ఎనిమిదో వంతు, 1.35 చదరపు మీటర్లు చాలు. నాది 0.13. అమెరికాలో పాల్ క్లిప్ష్ 1946లో అమ్మకానికి తెచ్చిన పెద్ద స్పీకరు మూలలోనే పెట్టేలా గీసింది ఈ లెక్క వల్లే, గది గోడలే దాని మూతికి కొనసాగింపు. నా పెట్టె మూలలో ఉన్నా సుమారు 100 హెర్ట్జ్ పైనే నిజమైన హార్న్‌లా పనిచేస్తుంది, ఆ కిందంతా ఒక పొడవాటి గొట్టం పలికినట్టు పలుకుతుంది. ఈ మాట ముందే తెలిస్తే తర్వాత శబ్దం కొలిచిన చార్టు చూసి గుండె జారిపోదు.

వడ్రంగి మేస్త్రి నాలుగు రోజులు చేశాడు. లోపల పలకలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి ఒక్క మూల కూడా గుణ్యంకు (తొంభై డిగ్రీలకు) కుదరదు. నేలమీద సుద్దతో అసలు సైజులో బొమ్మ గీసి, దానిమీద పలక పెట్టి గీత కొట్టుకుని కోశాడు. "సారూ, ఇది బీరువా కాదు, చిక్కుదారి" అన్నాడు మూడో రోజు. కాగితం మీది కొలతలు చూపించడం కన్నా నేలమీద గీయడమే మేలు, అది ఆయన ఆలోచనే.

ఖర్చు: డ్రైవర్లు 19,000, ప్లై 7,600, కూలి 4,000, ఫెవికాల్, స్క్రూలు, టెర్మినళ్ళు, వైరు 2,150. ఇప్పటిదాకా మొత్తం 32,750 రూపాయలు, నా గంటలు 38.

దశ 2: గాలి కారడం (సెప్టెంబరు చివర)

ఎడమ పెట్టెలో బేస్ కుడిదాని కంటే తక్కువ. కొలిస్తే 60 హెర్ట్జ్ దగ్గర 4 డీబీ తేడా. కొలవడానికి ల్యాప్‌టాప్‌లో రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్, ఫ్రెండ్ దగ్గర అడిగి తెచ్చుకున్న యూఎస్‌బీ మైకు. మొదట డ్రైవర్ మీద అనుమానం వచ్చి రెండూ అటూ ఇటూ మార్చాను, తేడా మాత్రం ఎడమ పెట్టెలోనే ఉండిపోయింది. అంటే లోపం పెట్టెది.

కారే చోటు పట్టుకున్న పద్ధతి:

1. 40 హెర్ట్జ్ టోన్ తక్కువ వాల్యూంలో పెట్టాలి.
2. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, అగరుబత్తి వెలిగించాలి.
3. ప్రతి జాయింటు వెంట మెల్లగా పొగను నడిపించాలి. కారే చోట పొగ వణుకుతుంది.

వెనక అడుగున ఒక జానెడు మేర పొగ కొట్టుకుంది. అసలు ఇబ్బంది తర్వాత వచ్చింది. రెండు పెట్టెలూ అన్నివైపులా ఫెవికాల్‌తో మూసేశాం, లోపలికి చెయ్యి పోయే దారి లేదు. పక్క పలక రంపంతో కోసి తీయాల్సి వచ్చింది, సగం రోజు దానికే పోయింది, పలక అంచు కూడా చిట్లింది. ఇప్పుడు రెండు పెట్టెలకూ ఒక పక్క పలక 16 స్క్రూలతోనే ఉంటుంది, మధ్యలో కిటికీలకు అంటించే ఫోమ్ టేపు. దయచేసి మొదటి రోజు నుంచే ఇలా చేయండి. లోపల దూది మార్చాలన్నా, బల్లి దూరినా తెరవక తప్పదు. బల్లి నిజంగానే దూరింది, ఇప్పుడు మూతికి దోమల మెష్ కొట్టాను, ఇంట్లో మిగిలిన ముక్కే సరిపోయింది.

తెరిచాం కదా అని గొంతు దగ్గర ఏం కూరాలో కూడా అప్పుడే తేల్చుకున్నాను. కారణం చార్టులో 160 హెర్ట్జ్ దగ్గర 9 డీబీ గుంట. గొట్టం పొడవు 2.14 మీటర్లు, మన ఎండకు శబ్దవేగం సెకనుకు 350 మీటర్ల దాకా ఉంటుంది, భాగిస్తే దాదాపు 164 హెర్ట్జ్. కోన్ వెనక శబ్దం పుట్టుకతోనే ముందుదానికి ఎదురు, గొట్టంలో సరిగ్గా ఒక అల తిరిగినా అలా ఎదురుగానే బయటికొచ్చి దాన్ని కొట్టేస్తుంది. మొదట కొబ్బరి పీచు పెట్టాను, దాని నుసి డ్రైవర్ వెనక్కి చేరింది, తీసేశాను. బూరుగు దూది తేలిక కదా, వారంలో జారి గొంతుకు అడ్డం పడింది. చివరికి పాత గొంగళి ముక్క, పెట్టెకు 60 గ్రాములు, గొంతు పై గోడకు స్టేపుల్ పిన్నులు కొట్టాను. గుంట 5 డీబీకి తగ్గింది, కింది బేస్ పోలేదు. గొర్రె ఉన్ని గరుకు, జారదు.

ఇప్పటిదాకా మొత్తం 33,200, గంటలు 47.

దశ 3: 82 హెర్ట్జ్ (అక్టోబరు)

ఈ దశే నాకు నిద్ర లేకుండా చేసింది.

మొదట పెట్టెలు మూలలకు 60 సెం.మీ. ఎడంగా పెట్టాను. 70 హెర్ట్జ్ కింద ఏమీ లేదు. పైన చెప్పిన మూతి లెక్క గుర్తొచ్చి మూలల్లోకి తోశాను. 50 హెర్ట్జ్ 6 డీబీ పెరిగింది, మృదంగం తొప్పి (ఎడమ వైపు) పలికినప్పుడు ఛాతీకి తగిలింది. కానీ దాంతోపాటు ఒక హోరు మొదలైంది. మగ గొంతు ఏది పెట్టినా కింది స్వరాల్లో కుండలో తల పెట్టి పాడినట్టుంది. చార్టులో 82 హెర్ట్జ్ దగ్గర 11 డీబీ గుట్ట.

మూడు రోజులు గొట్టాన్నే అనుమానించాను. గొంగళి రెట్టింపు చేశాను, మూతికి అడ్డంగా దిండు పెట్టాను, బేస్ మొత్తం పోయింది తప్ప గుట్ట పోలేదు. నాలుగో రోజు స్పీకర్లను హాల్లోకి లాక్కెళ్ళి కొలిస్తే గుట్ట సగానికి పైగా తగ్గింది! అప్పుడు టేపు తీశాను.

గది 4.27 మీటర్ల పొడవు, 3.35 వెడల్పు, 3.05 ఎత్తు. మీ గదికి ఇలా లెక్క వేయండి:

1. 350ని పొడవుకు రెట్టింపుతో భాగించండి. నాది 350 బై 8.54, అంటే 41 హెర్ట్జ్. ఇది గది మొదటి మోగు, అంటే గది తనంతట తాను మోగే ఫ్రీక్వెన్సీ.
2. దాన్ని రెండుతో గుణిస్తే రెండో మోగు, 82.
3. వెడల్పుకూ ఎత్తుకూ ఇలాగే. నాకు 52, 57 వచ్చాయి.
4. ఇప్పుడు 350ని గొట్టం పొడవుకు రెట్టింపుతో భాగించండి. 350 బై 4.28. మళ్ళీ 82!

నా గొట్టం పొడవు సరిగ్గా నా గది పొడవులో సగం. గొట్టంలో సగం అల తిరిగే ఫ్రీక్వెన్సీ దగ్గర వెనక శబ్దం ముందుదానితో కలిసి బలం పుంజుకుంటుంది, అదే ఫ్రీక్వెన్సీకి గది కూడా మోగుతుంది. రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటున్నాయి. గొట్టాన్ని ఇంకో అడుగు పొడుగ్గా గీసుంటే ఈ గొడవ ఉండేది కాదు, ఖర్చు కూడా పెరిగేది కాదు, నాలుగు పలకల కొలత మారేది అంతే. కోయించే ముందు ఐదు నిమిషాల పని.

పెట్టె మార్చలేను కాబట్టి కుర్చీ మార్చాను. పొడవులో పుట్టే రెండో మోగు గోడల దగ్గరా గది నడుమా గట్టిగా ఉంటుంది, గోడ నుంచి పావు వంతు దూరంలో దాదాపు సున్నా. నా కుర్చీ అప్పటిదాకా వెనక గోడకు ఆనుకున్నట్టే ఉంది, అంటే ఉండకూడని చోటే ఉంది. గోడ నుంచి 1.07 మీటర్లు ముందుకు జరిపి కొలిచాను:

గోడకు 30 సెం.మీ. దూరంలో: 11 డీబీ ఎక్కువ.
70 సెం.మీ.: 7 డీబీ ఎక్కువ.
107 సెం.మీ.: 3 డీబీ ఎక్కువ.
140 సెం.మీ.: 5 డీబీ ఎక్కువ, పైగా 41 హెర్ట్జ్ పడిపోయింది.

107 దగ్గర నేలమీద టేపు అంటించాను. గది నడిబొడ్డున కుర్చీ ఏంటని ఇంట్లో గొణుగుడు ఉంది, అది సమంజసమే, ఆ గది అందరిదీ. వినేటప్పుడు లాక్కుని, అయ్యాక వెనక్కి నెట్టేస్తున్నాను.

పెట్టెల కింద చీమకుర్తి గ్రానైట్ ముక్కలు వేశాను. కోత యూనిట్ల దగ్గర పక్కన పడేసిన బ్లాక్ గెలాక్సీ ముక్కలు, ఆటో బాడుగతో కలిపి 900. శబ్దంలో నాకు తేడా వినపడలేదు, కొలతలోనూ రాలేదు. నేల తడిగుడ్డ పెట్టినప్పుడు ప్లై అడుగు తడవకుండా కాపాడుతున్నాయి, అది చాలు.

ఇప్పటిదాకా మొత్తం 34,100, గంటలు 70.

దశ 4: అరుపు (నవంబరు)

ఒక్క డ్రైవర్‌తోనే అన్నీ పలికిస్తే వచ్చే జబ్బు ఇది. 3 కిలోహెర్ట్జ్ చుట్టూ విజర్ కోన్ ఎగిరిపడుతుంది. నాకు 3.3 కిలోహెర్ట్జ్ దగ్గర 7 డీబీ గుట్ట. అమ్మ వంటింట్లోంచి "ఏందిరా ఆ మైకు సెట్టు, తలకాయ పగిలిపోతంది" అంది. ఆ ఒక్క మాటలో చార్టు మొత్తం ఉంది.

నేను పరీక్షకు వాడేది షేక్ చినమౌలానా నాదస్వరం. ఆయన పుట్టింది మనకు దగ్గరున్న కరవదిలో, 1924లో. నాదస్వరం కూడా పైన సన్నగా మొదలై కిందికి వెడల్పయ్యే గొట్టమే కదా, మంచి హార్న్ మీద ఆ వాద్యం ఎదురుగా నిలబడి వాయించినట్టు వస్తుంది. అదే 3 కిలోహెర్ట్జ్ అరుపు ఉందంటే రెండు నిమిషాలు కూడా వినలేం. ఆయన గమకం నున్నగా జారాల్సిన చోట గీరినట్టు వినపడితే తప్పు వాయిద్యానిది కాదు, నా పెట్టెది. అది సరిచేసేదాకా ఆ రికార్డింగు పెట్టడం ఆయనకు అమర్యాద అనిపించింది.

మొదటి మందు పైసా ఖర్చు లేనిది: స్పీకర్లను నేరుగా మొహానికి తిప్పకుండా 15 డిగ్రీలు పక్కకు. గుట్ట 7 నుంచి 5 అయింది. మిగతాదానికి చిన్న ఫిల్టరు. కాయిల్, కెపాసిటర్, రెసిస్టర్ మూడూ ఒకదానికొకటి పక్కపక్కన పెరలల్‌గా కలిపి, ఆ కట్టను డ్రైవర్ పాజిటివ్ తీగలో సిరీస్‌గా పెట్టాలి. విలువలు 0.5 మిల్లీహెన్రీ, 4.7 మైక్రోఫారడ్, 8.2 ఓమ్‌లు 10 వాట్లు.

1. కెపాసిటర్: మొదట ఇక్కడే దొరికిన మామూలు ప్లస్ మైనస్ ఉన్న ఎలక్ట్రోలిటిక్ తెచ్చాను. స్పీకర్ తీగలో అది పనికిరాదు, అటూ ఇటూ దిశ మారే కరెంటు (ఏసీ) పోయే చోట ధ్రువాలు లేనిది కావాలి. చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఫిల్మ్ రకం తెచ్చాను. వృథా 160 రూపాయలు.
2. కాయిల్: మోటారు వైండింగ్ తీగతో పీవీసీ పైపు ముక్క మీద 120 చుట్లు చుట్టాను. ఇండక్టెన్స్ కొలిచే మీటరు లేదు. తెలిసిన 4.7 కెపాసిటర్‌తో కలిపి స్వీప్ (కింది నుంచి పై దాకా పోయే టోన్) ఇస్తే 3.7 కిలోహెర్ట్జ్ దగ్గర పలికింది, అంటే కాయిల్ 0.39 మిల్లీహెన్రీ మాత్రమే. ఇండక్టెన్స్ చుట్ల సంఖ్య వర్గంతో పెరుగుతుంది, కాబట్టి 13 శాతం ఎక్కువ, 135 చుట్లు. మళ్ళీ కొలిస్తే 3.3.
3. రెసిస్టర్: 15 ఓమ్‌లు పెడితే గొంతులు గదిలోంచి వెళ్ళిపోయి పక్కింట్లో పాడినట్టయ్యాయి. 8.2 దగ్గర ఆగాను.

గుట్ట ఇప్పుడు ఒక డీబీ లోపే. ఫిల్టరు అసలు వద్దు, డ్రైవర్‌ని ఉన్నదున్నట్టు వినాలనేవాళ్ళు ఉన్నారు. నేను రెండు వారాలు ఉంచి, రెండు రోజులు తీసి విన్నాను. తీసినప్పుడు వీణ మీటు ఇంకాస్త పదునుగా ఉన్న మాట నిజం, అయితే గంట దాటి వినలేకపోయాను. ఉంచేశాను.

ఇప్పటిదాకా మొత్తం 35,450, గంటలు 85.

దశ 5: తుపాను (డిసెంబరు)

5వ తేదీన మిగ్‌జాం బాపట్ల దగ్గర తీరం దాటింది. నాలుగు రోజులు ఎండ లేదు, కరెంటు వస్తూ పోతూ ఉంది, కిటికీ కింద గోడ చెమర్చింది. వారం తర్వాత కొలిస్తే కుడి పెట్టె బేస్ 3 డీబీ తక్కువ. మళ్ళీ అగరుబత్తి. స్క్రూల పక్క పలక నడుమ 2 మి.మీ. వంగింది. తప్పు నాదే: పైకి కనపడే ముఖాలకు పాలిష్ కొట్టించాను, పలక అంచులూ లోపలి వైపూ పచ్చిగా వదిలేశాను. ఒకవైపు తేమ పీల్చి, ఇంకోవైపు పీల్చకపోతే పలక వంగుతుంది.

పలకలు విప్పి, వారం నీడన ఆరబెట్టి, లోపలా బయటా అంచులకూ రెండు పూతలు మెలమైన్ పాలిష్ కొట్టాను. 16 స్క్రూలు 22 చేశాను. టెర్మినళ్ళకు పచ్చటి చిలుము పట్టింది, గరుకు కాగితంతో రుద్ది, చివర్లు సోల్డర్ చేశాను. పనిలో పనిగా డ్రైవర్లను సగం చుట్టు తిప్పి బిగించాను, ఆరు నెలలకోసారి అలా తిప్పితే కోన్ ఒకే వైపు వాలిపోదు.

1,100. ఇప్పటిదాకా మొత్తం 36,550, గంటలు 96.

దశ 6: గది (2024 జనవరి, ఫిబ్రవరి)

స్లాబు, టైల్స్, సిమెంటు గోడలు. చప్పట్లు కొడితే గలగలమని తిరిగొచ్చేది. ప్రతిధ్వని ఆరే సమయం 1.1 సెకన్లు. అంగుళం మందం ఫోమ్ ముక్కలు నాలుగు అంటించి చూశాను. పై స్వరాలు చచ్చాయి, కింది హోరు అలాగే ఉంది, అంటే గది ఇంకా చీకటైంది. పీకేశాను.

తర్వాత రీపర్లతో 4 అడుగుల బై 2 అడుగుల చట్రాలు ఆరు, ఒక్కోటి 4 అంగుళాల మందం, పరుపులు కుట్టేవాళ్ళ దగ్గర కొన్న దూది, పైన పలచటి నూలు గుడ్డ. గోడకు 2 అంగుళాలు ఎడంగా తగిలించాను. ఎక్కడంటే, కుర్చీలో నేను కూర్చుని, ఒకరు గోడ వెంట అద్దం జరుపుతుంటే అందులో స్పీకర్ కనపడిన చోట. అటు రెండు, ఇటు రెండు, నా వెనక రెండు. 0.65 సెకన్లకు వచ్చింది. పాడేవాళ్ళ పెదవుల తడి కూడా వినపడుతోంది ఇప్పుడు. దూదికి తేమ వాసన వస్తుంది, నెలకోసారి డాబా మీద ఎండేయాలి. అందుకే మేకులకు తగిలించాను, గోడకు బిగించలేదు.

4,500. ఇప్పటిదాకా మొత్తం 41,050, గంటలు 118.

దశ 7: ఫ్యాను, కరెంటు (మార్చి, ఏప్రిల్)

ఎండాకాలం ఫ్యాను లేకుండా కూర్చోలేం. సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటే గదిలో చప్పుడు 31 నుంచి 47 డీబీకి పెరిగింది. అదొక్కటే అయితే సర్దుకోవచ్చు, నాదస్వరం నిలిపిన స్వరం సన్నగా వణుకుతోంది. రెక్కల మీద పడి తిరిగొచ్చే శబ్దం రెక్క రెక్కకూ తెగడం వల్ల అది. టేబుల్ ఫ్యాను కుర్చీ వెనక కింద పెట్టాను, వణుకు పోయింది, చప్పుడు 39.

ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు ఆంప్లిఫయర్‌లో గుయ్యిమనే మోత. మామూలు స్పీకర్లలో వినపడదు, 94 డీబీ డ్రైవర్ దాచదు. ఈ స్పీకర్లకు కావలసిన కరెంటు ఎంతో ముందు కొలిచాను: రోజూ వినే వాల్యూంలో పింక్ నాయిస్ (అన్ని స్వరాలూ కలిసిన పరీక్ష హోరు) పెడితే టెర్మినళ్ళ దగ్గర 0.35 వోల్టులు, అంటే సుమారు 15 మిల్లీవాట్లు. వాటులో అరవయ్యో వంతు కన్నా తక్కువ! అలాంటప్పుడు గోడ కరెంటుతో పనేముంది? 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ, చార్జరు కొన్నాను. నా చిన్న క్లాస్ డీ (కరెంటు తక్కువ తాగే రకం) ఆంప్లిఫయర్ బోర్డు ఒక సాయంత్రమంతా నడుస్తుంది. మోత పూర్తిగా పోయింది.

1,750. ఇప్పటిదాకా మొత్తం 42,800, గంటలు 124.

ఇప్పుడు చేతిలో ఉన్నది

రెండో జత గీతలు మొదలుపెట్టాను, ఈసారి టేపు ముందు. గొట్టం 2.45 మీటర్లు, సగం అల లెక్క 71 హెర్ట్జ్‌కు వస్తుంది, గది మోగే 57కీ 82కీ నడుమ ఖాళీలో. గొంతూ మూతీ పాతవే, మధ్యలో విస్తరణ మెల్లగా. డాబా మీద సుద్దతో ఒక మడత గీశాను, మేస్త్రి వచ్చి చూసి మూడో పలక వంపు ఇంకో వేలు తగ్గించమన్నాడు. ప్లై వానాకాలం వెళ్ళాకే కొంటాను.